యిర్మీయా 29: కాలేజీ పిల్లల సండే స్కూల్‌లో టీచరు నేర్చుకున్న పాఠం



ఈ వారం వీడియోలో యిర్మీయా 29వ అధ్యాయం ధ్యానించుకున్నాం. సమయం చాలక ఆ పాఠం నా దగ్గరికి ఎలా వచ్చిందో అందులో చెప్పలేకపోయాను. "చిన్నపిల్లల క్లాసు ఎలాగో నడిపిస్తున్నాం అక్కా, ఇంటరు, డిగ్రీ పిల్లలు వచ్చి కూర్చుంటే ఏం చెప్పాలో తెలియట్లేదు" అని సండే స్కూల్ టీచర్లు చాలామంది అడుగుతుంటారు. ముఖ్యంగా వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వచనాలు ఇక్కడ రాయడం లేదు, ఎక్కడున్నాయో మాత్రమే చెప్తాను. దయచేసి మీ బైబిలు పక్కన పెట్టుకుని తీసి చూసుకుంటూ చదవండి. ఎందుకలా అంటున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

నేను 14 ఏళ్ళు బిగినర్స్ క్లాసు చెప్పాను. ఫ్లానెల్ బోర్డు మీద నోవహు ఓడ అంటించడం, యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యం తప్పులేకుండా చెప్పినవాళ్ళకి చాక్లెట్, వేసవిలో వి.బి.ఎస్., క్రిస్మస్‌కి గొర్రెల కాపరుల నాటిక. ఆ పని నాకు బాగా వచ్చు. గొప్ప కోసం చెప్పట్లేదు, అదే నాకు అడ్డమైందని చెప్తున్నాను.

మా సంఘం గుంటూరులో ఉంది. చుట్టూ కాలేజీలే. పల్నాడు వైపు నుంచి, ప్రకాశం వైపు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు ఆదివారం మా గుడికి వస్తారు. చివరి బెంచీల్లో కూర్చుంటారు, ఆశీర్వాదం పలకకముందే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు. ఒకరోజు పాస్టరు గారు నన్ను పిలిచి, "అమ్మా, మన పిల్లలు పదో తరగతి దాకా మన దగ్గర ఉంటున్నారు, ఇంటర్లో చేరగానే మాయమైపోతున్నారు. హాస్టల్ పిల్లలేమో వచ్చినట్టే వచ్చి పోతున్నారు. వీళ్ళకొక క్లాసు పెడదాం. నువ్వు తీసుకో" అన్నారు.

"అయ్యగారూ, నేను చదివింది టీచర్ ట్రైనింగు. వాళ్ళు బి.టెక్కులు" అన్నాను.

"బైబిల్లో వాళ్ళింకా ఒకటో తరగతేనమ్మా" అన్నారాయన నవ్వుతూ. నాకు ధైర్యం చెప్పడానికే అన్నారు. నేను దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకున్నాను.

మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. దానియేలు సింహాల గుహ చెప్పాను, గొంతు మార్చి, చేతులు తిప్పి, నలభై నిమిషాలు. చివర్లో "సింహాల నోళ్ళు మూయించింది ఎవరు?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. వెనక నుంచి ఒకబ్బాయి "దేవుడు ఆంటీ" అని సాగదీసి అన్నాడు. అందరూ నవ్వారు. రెండో ఆదివారం ఏడుగురు, మూడో ఆదివారం ఐదుగురు.

ఆ ఐదుగురిలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "ఆంటీ, దానియేలు 1:4లో కల్దీయుల విద్య నేర్చుకున్నాడని ఉంది కదా. అందులో జ్యోతిష్యం కూడా ఉండేదంట. మరి అది చదవడం తప్పు కాదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఈరోజు ఎవరైనా అడిగితే ఒక గంట కూర్చుని మాట్లాడతాను. ఆరోజు నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. "ఇలాంటి సందేహాలు ఎవరు పుట్టిస్తారో తెలుసు కదమ్మా? ముందు విశ్వసించాలి" అన్నాను. ఆ అమ్మాయి తల దించుకుంది. తర్వాత చాలా వారాలు ఆ క్లాసులో ఎవరూ చెయ్యెత్తలేదు. పిల్లలు దారికొచ్చారు అనుకున్నాను!

ఇక అసలు సంగతికి వస్తాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన మీ సంఘాల్లోనూ జరుగుతుంది కదా. పన్నెండు దాటాక వాగ్దాన కార్డుల బుట్ట తిప్పుతారు, కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటాం. మా క్లాసులో ఫైనల్ ఇయర్ బి.టెక్ చదివే అబ్బాయికి ఆ రాత్రి యిర్మీయా 29:11 వచ్చింది. తెచ్చి నాకు చూపించాడు. వాళ్ళ నాన్నగారు మిర్చి యార్డులో ముఠా పనికి వెళ్తారు. పెద్ద చదువు దాకా వచ్చింది ఆ ఇంట్లో వీడే. ఫిబ్రవరిలో వాళ్ళ కాలేజీకి ఒక కంపెనీ వస్తోంది. ఆ కార్డు చూసి నేను వాడి భుజం తట్టి, "ఇంకేంటి బాబూ, ఈ ఉద్యోగం నీదే. దేవుడు రాసి చేతికిచ్చాడు" అన్నాను. అందరి ముందు వాడిచేత సాక్ష్యం కూడా చెప్పించాను.

ఆన్‌లైన్ టెస్టు దాటాడు. టెక్నికల్ రౌండు దాటాడు. చివరి లిస్టులో పేరు లేదు.

ఆ ఆదివారం క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఆ కార్డు దేవుడిచ్చిందే కదా?" అన్నాడు. అంతే అడిగాడు. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడట్లేదు. "దేవుడు ఇవ్వాల్సింది ఇచ్చాడు నాన్నా. నీ విశ్వాసంలోనే ఎక్కడో లోటుంది, పరీక్షించుకో" అన్నాను. వాడు కార్డుని బైబిల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ లేదు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే చూసి ఊరుకున్నాడు.

నెల తర్వాత వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మగారూ, వాడు తనలో ఏదో పాపం ఉందని మూడు రోజులు అన్నం మానేశాడు. ఇప్పుడు బైబిలే ముట్టుకోవట్లేదు. మీరేమన్నారమ్మా వాడితో?" అని అడిగింది. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగింది.

ఆ రోజు రాత్రి యోబు గ్రంథం చివరి అధ్యాయం తీశాను. 42:7 చూడండి. యోబు దగ్గర కూర్చుని "నీలోనే ఏదో ఉంది" అని అధ్యాయాలకు అధ్యాయాలు చెప్పిన స్నేహితుల మీద దేవుడు కోపపడతాడు. మొత్తుకుని, నిలదీసిన యోబే తన గురించి సరిగ్గా మాట్లాడాడంటాడు. ఆ స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా పక్కన కూర్చున్నారని కూడా అదే గ్రంథంలో ఉంది (2:13). నేను ఏడు నిమిషాలు కూడా కూర్చోలేదు.

మా సంఘంలో రిటైరైన ఇంగ్లిషు లెక్చరర్ ఒకావిడ ఉన్నారు. అందరం మేడమ్ గారు అంటాం. ఆవిడ నన్ను టీకి రమ్మన్నారు. సంగతి అప్పటికే ఆవిడ చెవిన పడినట్టుంది, కానీ ఆ మాట ఎత్తలేదు. టీ తాగాక, "ఆ వచనం చెప్పావు కదా, ఆ అధ్యాయం మొత్తం ఎప్పుడైనా చదివావా అమ్మా?" అని అడిగారు.

"చదివాను మేడమ్ గారూ."

"ఎప్పుడు?"

"ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టిక ఉంటుంది కదండీ, అందులో."

"సరే, ఇప్పుడు పైకి చదువు. నేను వింటాను."

1వ వచనం నుంచి మొదలుపెట్టాను. 10వ వచనం దగ్గర ఆవిడ చెయ్యి చూపించి ఆపారు. "ఎన్నేళ్ళని ఉంది?" అన్నారు. డెబ్బై. "11కి ముందున్నది 10 కదమ్మా. ఆ పిల్లాడికి 11 ఇచ్చావు, 10 ఇవ్వలేదు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అపొల్లో బోధలో వెలితి కనబడినప్పుడు అకుల, ప్రిస్కిల్ల అతన్ని సమాజమందిరంలో నలుగురి ముందు సరిదిద్దలేదు, తమ దగ్గరికి చేర్చుకుని మరింత బాగా వివరించారు (అపొస్తలుల కార్యములు 18:26). ఆ వచనం నేను ఎన్నోసార్లు చదివాను గానీ నా మీద జరిగిన రోజే అర్థమైంది.

సరే, ఇప్పుడు ఆ అధ్యాయంలోకి వెళ్దాం.

ఇది ఒక ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా, బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్ళకి రాశాడు. రాజైన యెకొన్యాతో పాటు వాళ్ళు వెళ్ళింది క్రీ.పూ. 597లో. ఉత్తరం పట్టుకెళ్ళినవాళ్ళ పేర్లు కూడా 3వ వచనంలో ఉన్నాయి, రాజు సిద్కియా బబులోనుకు పంపిన మనుషులు వాళ్ళు. చెరలో ఉన్నవాళ్ళకి కావలసిన వార్త ఒక్కటే, ఎప్పుడు ఇంటికి వెళ్తాం అని. ఆ వార్త అమ్మేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు, యెహోవా పేరుతోనే, రెండు సంవత్సరాల్లో అంతా తిరిగి వచ్చేస్తుందని ప్రకటించాడు. యిర్మీయా మెడ మీదున్న కాడి తీసి విరిచాడు. చూసేవాళ్ళకి ఎంత బాగుండి ఉంటుంది! ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామంది దాటిపోతారు. హనన్యా మాట విని యిర్మీయా ముందు ఆమేన్ అన్నాడు (28:6). అలా జరిగితే బాగుండునని ఆయనకీ ఉంది. కానీ దేవుడు తనకు చెప్పింది అది కాదు.

అప్పుడు ఉత్తరంలో ఏం రాశాడు? ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టుకుపోయిన ఆ ఊరి మేలు కోరి ప్రార్థన చేయండి (5 నుంచి 7). త్వరగా వచ్చేస్తారని చెప్పే ప్రవక్తల మాట నమ్మకండి (8, 9). డెబ్బై ఏళ్ళు (10). ఆ తర్వాతే మనం కార్డు మీద అచ్చువేసుకునే 11.

రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగాను. 11లో మన తెలుగు బైబిలు "సమాధానకరమైన" అంటుంది, 7లో ఊరి "క్షేమము" అంటుంది. హెబ్రీలో రెండు చోట్లా ఉన్నది ఒకటే మాట, షాలోమ్. అంటే దేవుడు వాళ్ళ కోసం తలచిన షాలోమ్, వాళ్ళకి ఇష్టంలేని ఆ ఊరి షాలోమ్, రెండూ ఒకే ఉత్తరంలో ముడిపడి ఉన్నాయి. రెండోది, "మిమ్మును" అనే మాట. దేవుడు ఒక్కడితో మాట్లాడితే మన బైబిల్లో నీవు అంటాడు. ఇక్కడ మీరు అంటున్నాడు. ఒక జనాంగంతో మాట్లాడుతున్నాడు. దాన్ని నేను తీసుకెళ్ళి ఒక్క కుర్రాడికి, ఒక్క కంపెనీకి, ఒక్క ఫిబ్రవరికి అతికించాను.

వాగ్దాన కార్డులు తప్పని నేను అనట్లేదు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంటుంది. ఆ వాక్యాన్ని ఆనాటి ప్రజలకు ఇచ్చిన దేవుడు మన దేవుడే, ఆయన మనసు మారలేదు. కానీ కార్డు ఒక అధ్యాయానికి గుమ్మం లాంటిది. నేను ఆ పిల్లాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి ఇల్లంతా చూపించినట్టు మాట్లాడాను.

మర్నాడు సాయంత్రం వాడి హాస్టలుకి వెళ్ళాను. పైకి రానివ్వరు, వాచ్‌మన్ దగ్గర కూర్చున్నాను. కిందికి వచ్చాడు. "బాబూ, ఆరోజు నీ విశ్వాసంలో లోటుందన్నాను. లోటు నా బోధలో ఉంది. నేను ఆ అధ్యాయం సరిగ్గా చదవకుండా నీకు చెప్పాను. నన్ను క్షమించు" అన్నాను. టీచరు స్థానంలో ఉండి స్టూడెంటుకి ఆ మాట చెప్పడం నాకు అంత తేలిగ్గా రాలేదు, దారంతా నోట్లో తిప్పుకుంటూనే వెళ్ళాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పర్లేదు ఆంటీ" అన్నాడు. తర్వాత, "మా నాన్న యార్డులో అందరికీ చెప్పేశాడు, అదే..." అని ఆపేశాడు. నేను ఏ వచనమూ చెప్పలేదు. కూర్చున్నాను. టీ తాగాం. వస్తావా అని కూడా అడగలేదు.

ఆ తర్వాత క్లాసు ఎలా చెప్పాలో మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. మేడమ్ గారు నాకు పెట్టిన పద్ధతి పెద్దదేమీ కాదు. సోమవారం నుంచి శనివారం దాకా అదే అధ్యాయం రోజూ ఒకసారి చదవాలి. మొదటి మూడు రోజులు ఏ వ్యాఖ్యానమూ, ఎవరి ప్రసంగమూ చూడకూడదు (మన ఛానల్ వీడియో కూడా!). ఏముందో మాత్రమే గమనించాలి: ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు, ఏ మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. తర్వాతి రెండు రోజులు, ఆనాడు విన్నవాళ్ళకి దీని అర్థం ఏమిటి. శనివారం మాత్రమే, మనకేమిటి. నేను 14 ఏళ్ళుగా శనివారం పని ఒక్కటే చేస్తున్నాను, అది కూడా శనివారం రాత్రి.

అసలు సండే స్కూల్ పుట్టిందే చదవడం నేర్పడానికి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ ఈ బడులు మొదలుపెట్టినప్పుడు, వారమంతా పనికి వెళ్ళి ఆదివారం ఒక్కరోజే ఖాళీ దొరికే పిల్లలకి అక్షరాలు నేర్పించి బైబిలు వాళ్ళచేతే చదివించేవాళ్ళు. మన పిల్లలకి అక్షరాలు వచ్చు కాబట్టి చదవడం వచ్చేసిందనుకుంటాం. రాలేదు, నాకే రాలేదు కదా.

ప్రశ్న అడగడం వేరే విద్య. చిన్నపిల్లల క్లాసులో జవాబు నా చేతిలో ఉంటుంది, దాన్ని వాళ్ళ నోట పలికిస్తాను. కాలేజీ పిల్లలు ఆ ఆట క్షణంలో కనిపెట్టేస్తారు. వాళ్ళకి జవాబు వచనంలో దొరికే ప్రశ్న ఇవ్వాలి, లేదా నాకు కూడా నిజంగా తెలుసుకోవాలని ఉన్న ప్రశ్న ఇవ్వాలి. లూకా 24లో ఎమ్మాయు దారి గుర్తు చేసుకోండి. దాదాపు పదకొండు కిలోమీటర్ల నడక. యెరూషలేములో ఏం జరిగిందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఏమి జరిగిందని అడిగి, వాళ్ళు తమ ఆశ పోయిన కథంతా చెప్పుకునేదాకా విన్నాడు. ఆ తర్వాతే మోషే దగ్గర నుంచి మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళ వయసులో దేవాలయంలో కూడా బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనిపించాడు (లూకా 2:46). ప్రశ్న అడిగిన అమ్మాయిని నేను ఎవరి పక్షాన నిలబెట్టానో తలుచుకుంటే భయమేస్తుంది.

ప్రశ్న వేశాక ఊరుకోవాలి. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. నిశ్శబ్దం వస్తే నేనే జవాబు చెప్పేసేదాన్ని. ఇప్పుడు మనసులో పదిహేను దాకా లెక్కపెడతాను. పది దగ్గర ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఇంకొకటి, భాష. మన బైబిలు తెలుగు వాళ్ళ తెలుగు కాదు. ఫిలిప్పీ 4:7 చెప్పేటప్పుడు ఒకమ్మాయి దేవుని సమాధానం అంటే దేవుడు ఇచ్చే జవాబు అనుకుంది, సెమిస్టర్ పరీక్షలకి ముందు అదే వచనం పట్టుకుని ప్రార్థన చేస్తోందట. నవ్వకండి. స్కూల్లో ప్రశ్న, సమాధానం అని నేర్పింది మనమే కదా. శాంతి అని చెప్పగానే కళ్ళు పెద్దవి చేసింది. అలాగే 29:11లో నిరీక్షణ. బైబిల్లో దాని అర్థం ఆశ, నమ్మకంతో ఎదురుచూడటం. వాళ్ళకి నిరీక్షణ అంటే వెయిటింగ్ అంతే, బస్టాండులో ఉండేది. రక్షణ అంటే మిలటరీ. కాబట్టి ప్రతి పాఠంలో రెండు మూడు మాటలు ఏరి, "ఈ మాటకి నువ్వేమనుకుంటున్నావు?" అని ముందు అడుగుతాను.

ఏర్పాట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటాం, నేను కూడా ఒక కుర్చీలో కూర్చుంటాను. తొమ్మిదింటికి మొదలు, ముప్పావుగంట. పరీక్షల వారం ఇరవై నిమిషాలకి వదిలేస్తాం. కంఠత వాక్యం, చాక్లెట్ తీసేశాను, చాక్లెట్ మాత్రం వాళ్ళే మళ్ళీ పెట్టించుకున్నారు.

ఇలా తయారై మొదట చెప్పింది యిర్మీయా 29. ఎనిమిది మంది ఉన్నారు. ముందు నా తప్పు చెప్పుకున్నాను, ఆ అబ్బాయి పేరు ఎత్తకుండా. అయినా అందరికీ తెలుసు. అధ్యాయం వంతులవారీగా చదివించి, "ఈ ఉత్తరం అందిన రోజు బబులోనులో నీకు ఇరవై ఏళ్ళు. విన్నాక ఏమనిపిస్తుంది?" అని అడిగి, పదిహేను లెక్కపెట్టాను.

ఒకబ్బాయి ఫోనులో లెక్క వేశాడు. "ఆంటీ, 597లో వెళ్ళారన్నారు. బబులోను పడిపోయింది 539లో అని చూపిస్తోంది. మధ్యలో 58 ఏళ్ళు. అంటే ఇరవై ఏళ్ళవాడికి కూడా 78 వస్తాయి. మా తాతకే అంత లేదు." డెబ్బై ఏళ్ళ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో పండితులు వేరు వేరుగా చెప్తారు, అది వాళ్ళకి చెప్పాను. కానీ వాడి లెక్క ఆ గదిలో అందరికీ తగిలింది. "అయితే వాగ్దానం విన్న పెద్దవాళ్ళు చాలామంది అది చూడకుండానే చచ్చిపోయారా?" అంది వేరే అమ్మాయి. అవునన్నాను. "మరి వాళ్ళకి దీనివల్ల ఏం లాభం?"

పాత నేనైతే ఏదో ఒకటి చెప్పి మూసేసేదాన్ని. "మీరు చెప్పండి" అన్నాను. చాలాసేపు అయ్యాక, నేను అంతకుముందు నోరు మూయించిన ఆ అమ్మాయే మాట్లాడింది. "ఇళ్ళు కట్టుకోండి అన్నాడు కదా ఆంటీ. అంటే దేవుడు యెరూషలేములోనే ఉండిపోయి, వీళ్ళు అక్కడికి తిరిగొచ్చాకే కలుస్తానని అనలేదు. బబులోనులోనే ప్రార్థన చేయమన్నాడు, అక్కడే వింటానన్నాడు (12వ వచనం). హాస్టల్లో ఉన్నట్టు రోజులు లెక్కపెట్టుకుంటూ బతకొద్దన్నాడు." ఆ మాట ఏ వ్యాఖ్యానంలోనూ నాకు దొరకలేదు.

అప్పుడు దానియేలు 1కి తీసుకెళ్ళాను. అదే బబులోనులో మూడేళ్ళ కోర్సు (1:5), చివర్లో రాజే స్వయంగా చేసిన ఇంటర్వ్యూ (1:18-20). వీళ్ళకి ఇంతకంటే దగ్గరి మనిషి బైబిల్లో ఎవరున్నారు? నేనేమో వీళ్ళకి సింహాల కథ చెప్పాను. ఆ అమ్మాయి పాత ప్రశ్న మళ్ళీ తీసి, జవాబు ఆలస్యమైనందుకు సారీ చెప్పి మాట్లాడుకున్నాం. 1:17 ప్రకారం ఆ విద్యలో వాళ్ళకి తెలివి ఇచ్చింది దేవుడే. 2వ అధ్యాయంలో రాజు కల వచ్చేసరికి దానియేలు ఆ విద్య మీద ఆనుకోలేదు, స్నేహితుల్ని పోగుచేసుకుని ప్రార్థన చేశాడు. చదివాడు, కానీ దానికి మొక్కలేదు. ఆ తర్వాత 9:2 చూశాం. ముసలివాడైన దానియేలు యిర్మీయా గ్రంథం తీసి ఆ డెబ్బై ఏళ్ళ సంగతే చదువుతున్నాడు. అతను ఇంటికి తిరిగి వెళ్ళినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. చదివాక చేసిందేమిటంటే, తన ప్రజలందరి కోసం ప్రార్థన. ఆ వారం అక్కడితో ఆపేశాం, టైము కూడా దాటిపోయింది.

ఆ అబ్బాయి ఆ రోజు రాలేదు. ఆరు వారాల తర్వాత వచ్చాడు, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. ప్లేస్‌మెంట్ ఇంకా రాలేదు. డిగ్రీ పట్టా వచ్చింది, పగలు ఒక మొబైల్ షాపులో పని చేస్తూ సాయంత్రం కోచింగుకి వెళ్తున్నాడు. ఒక ఆదివారం వస్తాడు, ఒక ఆదివారం రాడు. రాని వారం నేను ఎందుకు రాలేదని అడగను, ఈ వారం ఏ అధ్యాయం చదివామో మెసేజ్ పెడతాను. కొన్నిసార్లు జవాబు ఇస్తాడు.

పోయిన ఆదివారం క్లాసు అయిపోయి కుర్చీలు సర్దుతుంటే దగ్గరికి వచ్చాడు. "ఆంటీ, 28వ అధ్యాయం చదివాను. హనన్యా కూడా యెహోవా పేరుతోనే చెప్పాడు కదా. ఆయన చెప్పింది వినడానికి బాగుంది, ఆయన గుళ్ళోనే నిలబడి చెప్పాడు. మరి ఆరోజు అక్కడున్న మామూలు మనిషికి ఇద్దరిలో ఎవరిది నిజమో ఎలా తెలుస్తుంది?"

"నాకు పూర్తిగా తెలియదు నాన్నా" అన్నాను. "28:9 ఒకటి ఉంది, ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చివరి రెండు వచనాలు ఉన్నాయి. నువ్వూ చదువు, నేనూ చదువుతాను. వచ్చే ఆదివారం క్లాసులో ఈ ప్రశ్న నువ్వే అడుగు."

ఆదివారం షాపు ఉంటుందేమో చూసుకుని చెప్తానన్నాడు.